మంచు ఎవరికి మేలు?



దుఃఖము మనుష్యునికి మేలు చేయునా? ఈ ప్రశ్న పండితుల గదులలో మాత్రమే పుట్టినది కాదు. మన పల్లెలలో శవము లేచిన ఇంటి అరుగుమీద, పంట పోయిన కౌలు రైతు గుమ్మములో, ఆసుపత్రి వరండాలో ఇది ప్రతిదినము పుట్టుచునే యున్నది. అక్కడికి మనము ఓదార్చుటకు వెళ్లుదుము. ఏమి చెప్పవలెనో తోచదు. అప్పుడు అలవాటుగా మన నోట ఒక మాట వచ్చును: "ఏడవకమ్మా, ఇదంతా నీ మేలుకే. కష్టము వచ్చితేనే గదా విశ్వాసము గట్టిపడునది." వినువారు తల వంచుకొని ఊరకుందురు. మన పని అయినదనుకొని మనము టీ నీళ్లు త్రాగి లేచి వత్తుము.

ఈ మాట నిజమా, అబద్ధమా? నిజమైతే ఎవరికి నిజము? ఎప్పుడు నిజము? దీనిని ఆలోచించుటకై ఈ నెల మిమ్మును ఒక కూరగాయల పెరటిలోనికి తోడుకొని పోదును. అది మన ఊరి పెరడు కాదు. మన దేశపు ఉత్తరపు కొనను, హిమాలయ పర్వతముల నడుమ, చలిసీమలో ఉన్న పెరడు. చలి మొక్కను ఏమి చేయునో అక్కడ కన్నులార చూడవచ్చును.

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కేలాంగ్ అను ఊరు ఉన్నది. సముద్రమట్టమునకు పదివేల అడుగుల ఎత్తు. దానికి ఉత్తరముగా, లడఖ్‌లో, లేహ్ పట్టణము ఇంకను ఎత్తున దాదాపు 3,500 మీటర్ల మీద ఉన్నది. మన జిల్లాలనుండి సైన్యములో చేరిన బిడ్డలు కొందరు అక్కడ కాపలా కాసి వచ్చినవారే. వారిని అడిగితే ఆ చలి సంగతి చెప్పుదురు. లేహ్‌లో ఏడాది పొడుగునను కురియు వాన ఇంచుమించు 100 మిల్లీమీటర్లు. మనవైపు తుపాను పట్టిన ఒక్క దినమున అంతకు మించి కురియును. అక్కడి మళ్లకు పారు నీరు కొండలమీది మంచు కరిగి కాలువల వెంట దిగివచ్చినదే. నడి చలికాలమున ఉష్ణమానము సున్నకు దిగువ ఇరువది డిగ్రీలవరకు పడిపోవును. విత్తుటకును, పెంచుటకును, కోయుటకును మే నుండి సెప్టెంబరు వరకు గల అయిదు నెలలే గడువు. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ కనుమ క్రింద అటల్ సొరంగము తెరువబడువరకు, మంచు పడినదంటే లాహౌల్ వారికి బయటి లోకపు దారి నెలల తరబడి మూసికొని పోయెడిది. అట్టి చోట ఇంటివెనుక నాలుగు కూరమళ్లు ఉండుట వేడుక కాదు, బ్రతుకు.

ఆ పెరళ్ల కథలో మన క్రైస్తవుల పాలును కొంత ఉన్నది. 19వ శతాబ్దపు నడుమ, జర్మనీ దేశపు హెర్న్‌హూట్‌నుండి మొరావియన్ సంఘపు మిషనరీలైన హైడె, పాగెల్ అనువారు మంగోలియా చేరవలెనని బయలుదేరి, ముందుకు పోవుటకు దారి దొరకక, 1850ల దశాబ్దములో కేలాంగ్‌లో నిలిచిపోయిరి. 1885లో లేహ్‌లోను వారి మిషను ఏర్పడెను. కేలాంగ్‌లో బాప్తిస్మము పొందినవారు బహు కొద్దిమంది. అయితే లాహౌల్‌కు బంగాళాదుంపను తెచ్చినవారు ఈ మిషనరీలేనని నేటికిని చెప్పుకొందురు; నేడు ఆ లోయ విత్తనపు దుంపకు పేరుపొందినది. 1859లో వచ్చిన హైడె గారి భార్య మరియ అక్కడి స్త్రీలకు ఉన్ని మేజోళ్లు అల్లుట నేర్పినది. వాక్యము చెప్పుటకు వచ్చినవారే, కాలికి మేజోడును కడుపుకు దుంపయు ఉన్నవా అని మొదట చూచిరి. ఈ సంగతి మనస్సున ఉంచుకొనుడి. మరల దీనియొద్దకు వత్తుము.

ఒకే రాత్రి, రెండు మొక్కలు

సెప్టెంబరు నెలాఖరు వచ్చినదనుకొనుడి. ఒక రాత్రి గడ్డమంచు పడినది. క్రిస్మసు దినములలో తెల్లవారుజామున మన పొలములమీద తేలు పొగమంచును గూర్చి నేను చెప్పుట లేదు. ఇది ఆకుమీది తేమయే గడ్డకట్టి తెల్లగా పేరుకొను మంచు. మన మన్యములో లంబసింగి వైపు ఎప్పుడో ఒకప్పుడు తప్ప మనవారి కంట పడనిది.

తెల్లవారి పెరటిలోనికి వెళ్లి చూడుడి. ఒక మడిలో మిరప ఉన్నది. దాని ఆకులు వేడినీళ్లు పోసినట్లు వాడి వ్రేలాడుచున్నవి. ఎండ ఎక్కునప్పటికి నల్లబడును. దానిలోని నీరు గడ్డకట్టి, ఆకులోని సన్నని గదులు చిట్లిపోయినవి. మరి అది లేవదు. వంగ, టమాటా, బెండ, దోస అన్నిటికిని అదే గతి. ఇవి వేడిదేశముల సంతానము. గడ్డమంచు పడకపోయినను, పది డిగ్రీలకు దిగువ చలి చాల దినములు నిలిచినచో చాలును, ఇవి చిక్కిపోవును.

ప్రక్క మడిలో క్యాబేజీ ఉన్నది, క్యారెట్టు ఉన్నది, టర్నిప్పు ఉన్నది, పాలకూర ఉన్నది. తెల్లవారుజామున వీటి ఆకులమీదను ఉప్పు చల్లినట్లు మంచు పేరుకొనియే యుండెను. ఎండ రాగానే అది కరిగి జారిపోయినది. మొక్కలు నిటారుగా నిలిచినవి. అంతే కాదు. నాలుగు మంచురాత్రులు గడచిన పిమ్మట త్రవ్విన క్యారెట్టు మునుపటికంటె తియ్యగా ఉండును. చలిసీమలో కూరలు పెంచువారందరును ఈ సంగతి ఎరుగుదురు. అందుకే కొన్ని కూరలను మంచు పడిన తరువాతనే కోయుదురు.

ఒకే పెరడు, ఒకే రాత్రి, ఒకే మంచు. ఒకదానిని తియ్యపరచినది, ఒకదానిని చంపినది. ఇప్పుడు ఎవరైనను మిరప మడియొద్ద నిలిచి, "అదిగో, ఆ క్యాబేజీని చూచి బుద్ధి తెచ్చుకొనుము, చలి దానికి ఎంత మేలు చేసినదో!" అనినచో, అతనిని మనము వివేకియందుమా? మిరప చెడ్డ మొక్క కాదు. దానికి విశ్వాసము తక్కువ కాలేదు. అది వేరు మొక్క, అంతే.

నేనెరిగిన ఒక సంఘములో ఒక తల్లి తన కుమారుని చెరువులో పోగొట్టుకొనినది. వచ్చిన ప్రతివారును ఆమెతో ఇది పరీక్షయనియు, దీనివలన ఆమె బలపడుననియు చెప్పిరి. ఆమె బలపడలేదు. కొన్నాళ్లు గుడిలో చివరి వరుసను కూర్చుండెను; తరువాత రాక మానుకొనెను. దేవునిమీద కోపముచేత మానినదని అందరును అనుకొనిరి. అది కాదు. అందరును చెప్పినట్లు తాను గట్టిపడలేదు గనుక, తన విశ్వాసము ఉత్తదని తలంచి, సిగ్గుపడి మానినది. బిడ్డను పోగొట్టుకొనిన దుఃఖముపైని, దుఃఖపడుట తప్పను మరియొక దుఃఖమును మన ఓదార్పు మాటలే ఆమెకు ఇచ్చినవి.

తీపి ఎక్కడనుండి వచ్చినది?

మీరనవచ్చును: "మరి క్యారెట్టును తియ్యపరచినది మంచే గదా? ఆ మేలు మంచుదే గదా?" ఇక్కడ నిదానించి చూడవలెను. మంచులో చక్కెర లేదు. వేసవి అంతయు ఎండలో నిలిచి ఆ మొక్క ఆహారము కూర్చుకొని, పిండిపదార్థముగా దాచుకొనినది. చలి తగిలినప్పుడు ఆ పిండిని చక్కెరగా మార్చుకొనును. ఎందుకనగా చక్కెర కలిసిన నీరు వట్టి నీటివలె త్వరగా గడ్డకట్టదు. పుల్లఐసు చేయువానిని అడుగుడి; వట్టి నీటికంటె పానకము గడ్డకట్టుటకు ఎక్కువ చలి కావలెనని చెప్పును. కాబట్టి ఆ తీపి చలి ఇచ్చిన బహుమానము కాదు. చలినుండి తప్పించుకొనుటకు మొక్క తొడిగిన కవచము. ఆ కవచమునకు కావలసిన సరుకు ఎండకాలమున కూడినది.

మనుష్యులయందును ఇట్లే. గొప్ప కష్టములో మెత్తబడి, దయగలవారై, ఇతరుల బాధను ఎరిగినవారైన మనుష్యులను మీరును చూచియుందురు. వారిని చూచి కష్టమును పొగడకుడి. వారి వెనుక ఒక వేసవి ఉండును. ఒడిలో పెట్టుకొని ప్రార్థన నేర్పిన అవ్వ యుండును. అన్నము పెట్టిన పొరుగు ఇల్లుండును. తప్పు చేసినప్పుడు కొట్టక దగ్గర కూర్చుండబెట్టుకొనిన ఉపాధ్యాయుడుండును. ఆ దినములలో దాచుకొనినదే ఈ దినమున తీపియైనది. మీ ఇంటి బిడ్డలు రేపు కష్టములో నిలువవలెనని కోరినచో, నేడు వారికి కష్టము రుచి చూపుట దారి కాదు. నేడు ఎండ తగలనియ్యుడి.

క్యాబేజీకిని ఒక హద్దు ఉన్నది. ఇరువది డిగ్రీల చలిలో దానిని బయట వదలివేయు రైతు లడఖ్‌లో ఎవడును లేడు. ఆ చలి రాకమునుపే దుంపలను, క్యాబేజీలను పెరికి, నేలలో గోతులు త్రవ్వి పాతిపెట్టి, చలికాలమంతయు కొంచెము కొంచెము తీసికొని వండుకొందురు. బలమైన మొక్క గదా అని దానిని మంచుకు అప్పగింపరు. మన సంఘములలో బలవంతులని పేరుపడినవారిని మనము ఇట్లు కనిపెట్టుచున్నామా? "ఆయనకేమి, నిబ్బరము గలవాడు" అని అందరును విడిచిపెట్టిన మనుష్యుడే ఒక్కొక్కప్పుడు ఒంటరిగా కూలిపోవును.

అలవాటు చేయుట వేరు, వదలివేయుట వేరు

చలిని మొక్కకు అలవాటు చేయు పని కూడ ఒకటి ఉన్నది. చలిసీమలో వేసవి చిన్నది గనుక, టమాటా, క్యాబేజీ వంటివాటి నారును ముందుగానే ఇంటిలోపలనో, గాజు కప్పు క్రిందనో పోయుదురు. అమెరికా, కెనడా చలిప్రాంతములలో కాపురమున్న మన తెలుగు కుటుంబములును మిరపకును గోంగూరకును ఇట్లే చేయుదురు. ఆ నారును వెచ్చని గదినుండి ఒక్కసారిగా మడిలో నాటినచో, చలిని ఓర్వగల క్యాబేజీ నారు సహితము దెబ్బతినును. కాబట్టి మొదటి దినమున గంటయో రెండు గంటలో నీడలో బయట పెట్టి, లోపలికి తెచ్చెదరు. మరునాడు మరికొంత సేపు. పిమ్మట కొంచెము ఎండ, కొంచెము గాలి. వారము పది దినములు ఇట్లు చేసి, అప్పుడు నాటెదరు.

దీనిలో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, సాయంకాలము లోపలికి తెచ్చు చేయి ఒకటి ఉన్నది. రెండవది, ఎంత సేపు చాలునో మొక్క ముఖము చూచి తెలిసికొనుచున్నారు. ఈ రెండును ఉన్నప్పుడే అది శిక్షణ. లేనప్పుడు దాని పేరు శిక్షణ కాదు; వదలివేయుట. పది యేండ్ల పిల్లవానిని హాస్టలులో దింపి, "కష్టపడితేనే పైకి వచ్చును" అని చెప్పి, దసరా సెలవులవరకు ఆ దారి చూడని తండ్రి తాను బిడ్డను గట్టిపరచుచున్నాననుకొనును. నెలకొకసారి వెళ్లి, వాని ముఖము చూచి, వాడు చెప్పనిదియు అడిగి తెలిసికొను తండ్రి నిజముగా గట్టిపరచుచున్నాడు. ఇద్దరి బిడ్డలును అదే హాస్టలులో ఉన్నారు. భేదము హాస్టలులో లేదు.

కప్పు

అయితే మంచు పడునని తెలిసిన సాయంకాలమున తోటమాలి ఏమి చేయును? మొక్కలకు ప్రసంగము చేయడు. గోనెపట్టా, పాత దుప్పటి, గడ్డి, ఏది చేతికి దొరికిన అది తెచ్చి కప్పును. ఈ కప్పులోని మర్మమును నేర్చుకొనుడి. ఓదార్పును గూర్చి దీనికంటె మంచి పాఠము నాకు తెలియదు.

మొదటిది: కప్పు వేడిని పుట్టించదు. పగలంతయు నేల త్రాగిన ఎండ రాత్రి మెల్లగా పైకి పోవును. కప్పు దానిని పోనియ్యక ఆపును, అంతే. దుఃఖించువాని హృదయములో మనము ఆదరణ పుట్టించలేము. అది దేవుని పని. మనము చేయగలిగినది, వానిలో మిగిలియున్న కొంచెము వెచ్చదనము రాత్రికి రాత్రి ఎగిరిపోకుండ దగ్గర ఉండుటయే. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక అతనితోకూడ నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులు. కారణములు చెప్ప మొదలుపెట్టినప్పుడు చెడిపోయిరి.

రెండవది: కప్పు నేలవరకు దిగవలెను. మొక్క తలకు గుడ్డ చుట్టి మొదలు వదలివేసినచో లాభము లేదు. నేల వేడి దానికి అందదు. నోటిమాటతో సరిపెట్టు ఓదార్పు తలకు చుట్టిన గుడ్డ వంటిది. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను పాడుచేసినప్పుడు, అప్పు తెచ్చి కౌలుకు వేసిన రైతు ఇంటిలో కావలసినది పరీక్షలను గూర్చిన మాట కాదు. పిల్లవాని ఫీజు ఎట్లు కట్టవలెను, అప్పులవానితో మాటలాడుటకు ఎవరు తోడు రావలెను, ఈ వారము బియ్యము ఉన్నవా? కప్పు అంతవరకు దిగవలెను. కేలాంగ్‌లో మేజోళ్లు అల్లుట నేర్పినవారికి ఈ సంగతి తెలియును.

మూడవది: మబ్బు కమ్మిన రాత్రికంటె నక్షత్రములు మెరయు నిర్మలమైన రాత్రి ప్రమాదకరము. మబ్బు దుప్పటివలె నేల వేడిని ఆపును. ఆకాశము తేటపడి గాలి నిలిచిన రాత్రియే గడ్డమంచు పడును. మరణము సంభవించిన ఇంటిలోను ఇదే వరుస. మొదటి దినములలో ఇల్లు నిండ జనము. ఏడ్చుటకును తోడు ఉండును. ఆదరణ కూడిక అయిపోయి, షామియానా విప్పి, అద్దె కుర్చీలు తిరిగిపోయి, బంధువులు బస్సెక్కిన తరువాత వచ్చు నిశ్శబ్దమైన రాత్రి గదా చలి రాత్రి! అప్పుడు మనలో ఎవరు వెళ్లుచున్నారు?

నాలుగవది: తెల్లవారగానే కప్పు తీయవలెను. పగలును మూసియుంచినచో మొక్కకు వెలుతురు అందదు. ఓదార్చితిమి గదా అని ఆ ఇంటి పెత్తనము మన చేతిలోనికి తీసికొనరాదు.

ఒక అభ్యంతరము

"అయ్యా, పౌలు శ్రమలను గూర్చి అతిశయపడెను గదా" అని మీలో కొందరు అడుగుదురు. నిజమే. నేను దానిని కాదనను. అయితే ఎవరి శ్రమలను గూర్చి అతడు అతిశయపడెను? తన శ్రమలను గూర్చి. దెబ్బలు తిని, చెరసాలలో ఉండి, ఓడ పగిలి సముద్రములో కొట్టుకొనినవాడు ఆ మాట వ్రాసెను. ఒడ్డున కూర్చుండి మునుగుచున్నవానికి చెప్పిన మాట కాదు అది. క్యారెట్టు తాను తియ్యనైతినని చెప్పుకొనవచ్చును. దానిని చూచి మనము మిరపకు మంచును మందుగా వ్రాసి ఇయ్యరాదు. కష్టములోనుండి మేలు పొందినవాడు దానిని సాక్ష్యముగా చెప్పునప్పుడు అది సత్యము. పొందనివాడు ఇంకొకనికి దానిని విధించునప్పుడు అదే మాట క్రూరమగును. మాట ఒకటే, పలికిన నోరు వేరు.

ఇంకొక కీడును ఈ మాటలో దాగియున్నది. చలి మంచిదని నమ్మినవాడు గోనెపట్టా వెదకుటకు లేవడు. విధవరాలైన కోడలికి ఇల్లు ఇయ్యని మామయు, కూలి ఎగవేయు యజమానుడును, కష్టములు మేలుకేనని చెప్పుటకు సిద్ధముగానే యుందురు. ఇతరుల దుఃఖమును గూర్చి మనము చెప్పు మాట మన చేతులకు పని చెప్పుచున్నదా, లేక పని తప్పించుచున్నదా? ఆ మాట సత్యమో కాదో తెలిసికొనుటకు ఇది మంచి గురుతు.

కాబట్టి, ప్రియ చదువరీ, మంచు ఎవరికి మేలని అడిగినచో నా జవాబు ఇది: కొందరికి, కొంతవరకు, ముందుగా ఎండ ఎరిగినవారికి, సాయంకాలము లోపలికి తెచ్చు చేయి గలవారికి. ఇతరులకు అది మంచే. ఎవరు ఎవరో మనకు తెలియదు గనుక, మన పని మంచును పొగడుట కాదు; కప్పుట.

లేహ్‌లో నేడు దక్షిణముఖముగా పాలితిన్ కప్పు వేసి, వెనుక దళసరి మట్టిగోడ కట్టి తోటయిండ్లు నిర్మించుచున్నారు. పగటి ఎండను ఆ గోడ త్రాగి, రాత్రి మెల్లగా లోపలికి విడుచును. బయట నీరు రాయియైన దినములలో లోపల పాలకూర పచ్చగా పెరుగును. సంఘమనగా అట్టి గోడ కావలెను. మన మంచిదినములలో ఏమి పుచ్చుకొంటిమో అది ఇంకొకని రాత్రికి అక్కరకు రావలెను.

రెండు నెలల క్రిందట మీ వీధిలో ఎవరి ఇంట శవము లేచినదో జ్ఞాపకము చేసికొనుడి. ఇప్పుడు అక్కడ జనము ఉండరు. ఈ సాయంకాలము ప్రొద్దుగ్రుంకక మునుపే వెళ్లుడి. కూర వండినది ఏదైనను గిన్నెలో తీసికొని పోవుడి. మాట తోచనియెడల ఊరక కూర్చుండుడి.